గుడ్డవేళ్ళ గిటారు

పోయిన నెల ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బస్సులో పోతున్నాను. ముందు సీట్లో కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోన్లో ఒక ఇంగ్లీషు పాట పెట్టింది. డ్రమ్ములు, వాటి మీద గరగరలాడే గిటారు. పక్కనున్న పెద్దాయన "ఏందమ్మే ఆ మోత, కొంచెం తగ్గించు" అని గొణిగాడు. ఆ పాట మాటలు నాకు ఈనాటికీ అర్థం కావు. కానీ పాడేవాడు ఆగిపోయాక గిటారు ఒక్కటే, కొండ మీంచి మేకపిల్ల దిగినట్టు, రాయి మీంచి రాయి మీదికి దూకుతూ పోయే చోటు ఒకటి ఉంది. అది వచ్చేలోపే లేచి, నా స్టేజీ ఇంకా చాలా దూరం ఉన్నా, తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను. కండక్టర్ నన్ను వింతగా చూశాడు. ఆయనకేం చెప్పను?

నాకు ఆత్మకూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. మా అక్కను ఉదయగిరిలో ఇచ్చారు. బావ బోరు లారీ మీద పనిచేసేవాడు. ఆరు రోజులు భూమికి చిల్లులు వేసి, ఏడో రోజు చర్చిలో గిటారు వాయించేవాడు. ఆదివారం బండి ఎక్కనని ఓనరుతో ముందే మాట్లాడుకున్నాడు. లారీ మీద పని చేసే అతని స్నేహితుడే చర్చిలో డ్రమ్ములు వాయించేవాడు. ఆరాధన ముగిసి, పెద్దలంతా చెప్పులు వెతుక్కుని బయటపడ్డాక, వీళ్ళిద్దరూ తలుపులు దగ్గరికి వేసి ఈ ఇంగ్లీషు పాట అందుకునేవారు. కిటికీల మీద పావురాలు ఒక్కసారిగా లేచేవి. సంఘపెద్ద ఒకాయన తల లోపలికి పెట్టి, "ఇది గూడా దావీదు వాయించిందేనా అబ్బయా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా పోయేవాడు. స్నేహితుడి తల్లి మాత్రం మెట్ల మీద కూర్చుని పాట అయ్యేదాకా ఉండేది. కొడుకును భోజనానికి వెంటబెట్టుకుపోవాలి కదా. మొగుడు చిన్నప్పుడే పోతే మేకలు మేపి వాణ్ణి పెంచింది. మా అక్కకు రెండిళ్ళ అవతల ఉండేది. వీధంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది.

కొండాపురం అవతల ఒక చేలో బోరు వేస్తుండగా ప్రమాదం జరిగింది. భూమిలోంచి పైకి లాగిన ఇనుప రాడ్డు తాడు కొక్కెంలోంచి ఊడి పడింది. కింద నిలబడ్డ స్నేహితుడు అక్కడికక్కడే పోయాడు. అడ్డం పెట్టబోయిన బావ ఎడమచెయ్యి రాడ్డుకూ లారీకీ మధ్య నలిగింది. నెల్లూరు ఆస్పత్రిలో చిటికెనవేలు, ఉంగరపు వేలు తీసేశారు. నడిమివేలు కొస కూడా పోయింది. కొక్కెం జారిందని ఓనరు చెప్పాడు, బావ తలూపాడు, అందరం నమ్మాం. స్నేహితుణ్ణి పూడ్చిననాడు బావ ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు.

ఆ తర్వాత ఏడాదిపాటు ఆ ఇంట్లో మాట వినపడలేదు. బావ గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. గిటారును అటక మీద పెట్టించాడు. గిటారు వాయించాలంటే ఎడమచేతి నాలుగు వేళ్ళూ నాలుగు చోట్ల తీగలు నొక్కాలి. అక్క ఒకసారి నా షాపుకు వచ్చి, తిరగేసిన మోటారు మీద కూర్చుని, "మనిషి ఉండాడు గానీ ఇంట్లో లేడురా" అంది. నేను టీ తెప్పిస్తే తాగి మళ్ళీ బస్సెక్కింది.

పెడల్ స్టీల్ గిటారు సంగతి బావకు గుర్తు చేసింది నేనే. అప్పుడు నాకు అది గిటారు అని కూడా తెలియదు. చర్చి వెనక గదిలో, ఎప్పుడో ఊరు విడిచిపోయిన మిషను దొరలు వదిలేసిన సామాన్లలో, నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ పొడుగాటి పెట్టె ఉండేది. పైన పది తీగలుండాల్సిన చోట నాలుగే మిగిలాయి. కింద కాలితో తొక్కే మీటలు మూడు, మోకాలితో పక్కకు నెట్టే మీటలు రెండు. చర్చి కావలివాడు దాన్ని ఇస్త్రీ బల్ల అనుకున్నాడు. అనుకోవడమే కాదు, పాస్టరుగారి జుబ్బా దాని మీద ఇస్త్రీ చేశాడు కూడా. కాలిన మచ్చ త్రికోణంగా ఇప్పటికీ ఉంది. నేను దాని తీగచుట్ట చూసి, ఇదేదో కరెంటు యంత్రమని బావను పిలుచుకుపోయాను. బావ చాలాసేపు చూసి, "చిన్నప్పుడు దొరసాని దీన్ని వాయిస్తా ఉంటే విన్నాను. దీన్ని వేళ్ళతో నొక్కే పని లేదు" అన్నాడు. ఏడాదిలో అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే.

నిజమే, ఆ వాద్యానికి ఎడమచేతిలో ఇనుప కడ్డీ ఒకటి పట్టుకుని తీగల మీద జరిపితే చాలు. ఆ కడ్డీ ఎప్పుడో పోయింది. పాడైన మోటారు షాఫ్టు ముక్కను లేతు యంత్రం మీద నున్నగా తిప్పి ఇచ్చాను. తీగల మోతను ఆంప్లిఫయర్‌కు అందించే తీగచుట్ట తెగిపోయి ఉంటే వెంట్రుక కన్నా సన్నటి రాగితీగతో మళ్ళీ చుట్టాను. మూడుసార్లు తెగి నాలుగోసారి కుదిరింది. లేని ఆరు తీగలూ నెల్లూరు నుంచి తెప్పించాను. మీటల నుంచి తీగలకు పోయే ఊచలు తుప్పుపట్టి ఉంటే సైకిలు చక్రం పుల్లలు వంచి పెట్టాను. ఇంకో చిక్కు మిగిలింది. కడ్డీ వెనక ఉన్న తీగను చిటికెనవేలూ ఉంగరపు వేలూ ఆనించి అణచకపోతే అది వేరే గొంతుతో మూలుగుతుంది. ఆ రెండు వేళ్ళూ బావకు లేవు. అక్క పాత చేతి తొడుగు ఒకటి తీసుకుని, ఖాళీగా వేలాడే ఆ రెండు వేళ్ళలో గుడ్డపీలికలు కూరి కుట్టింది. బావ దాన్ని తొడుక్కుని చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ చేతికి అయిదు వేళ్ళున్నాయి. అక్క లోపలికి పోయి పొయ్యి ఊదడం మొదలుపెట్టింది. పొయ్యిలో నిప్పు లేదు.

మొదట కీర్తనలే వాయించాడు. ఒకనాటి సాయంత్రం పెద్దమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. "సమాధికి రాయి పెట్టిస్తా ఉండాను. మీరిద్దరూ వాయించే ఆ మోత పాట ఉండాదే, దాన్ని ఆ పొద్దు వాయించు. మావాడికి కీర్తనలు అందరూ పాడతారు" అంది. బావ తొడుగు వైపు చూస్తూ, "అది దీని మీద రాదు పెద్దమ్మా" అన్నాడు. "నేర్చుకో. రాయి నిదానంగా పెట్టిస్తాలే" అని లేచిపోయింది.

ఆ నేర్చుకోవడం రెండేళ్ళు నడిచింది. మామూలు గిటారులో ఒక తీగ ఇక్కడా, పక్క తీగ అక్కడా నొక్కవచ్చు. ఈ పెట్టె మీద కడ్డీ స్కేలులాగా తిన్నగా ఉంటుంది, పది తీగలకూ ఒకటే చోటు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపితే మధ్యలో ఉన్న స్వరాలన్నీ ఈడ్చుకొస్తాయి. పౌరుషంగా ఉండాల్సిన చోట ఏడుపు వస్తుంది. అందుకని బావ కడ్డీని కదపకుండా కాలి మీటతో ఒక తీగను బిగించీ, మోకాలితో ఇంకో తీగను వదులు చేసీ, స్వరాలు ఉన్నచోటే పుట్టించడం మొదలుపెట్టాడు. మూడు తీగలు కలిపి మోగిస్తే గరగరల్లో అంతా కలిసిపోతోందని ఒక తీగ వదిలేశాడు. ఏ తీగ, తీగల కింది ఏ గీత, ఏ కాలు అన్నది నోటుబుక్కులో రాసుకునేవాడు. ఫోన్లో పాటను సగం వేగానికి తగ్గించి విని, కొట్టేసి, మళ్ళీ రాసేవాడు. పాట మొత్తం కుదిరింది, ఆ మేకపిల్ల పరుగు తప్ప. దానికి ఇంకో మోకాలి మీట ఉంటే వస్తుందేమోనని నన్ను అడిగాడు. రెండుసార్లు చేసి పెట్టాను, రెండుసార్లూ తీగ తెగింది.

రాయి పెట్టే కూడికకు వారం ముందు బావ ఆత్మకూరు వచ్చాడు. షాపులో ఎవరూ లేరు. నేను మోటారు విప్పుతూ ఉంటే వెనక నుంచి, "కొక్కెం జారలేదురా" అన్నాడు. రాడ్డు ఊడిపోకుండా కొక్కానికి చీల పెట్టాలి. పెట్టడం బావ పని. ఆనాడు స్నేహితుడు లారీ రేకు మీద పానాతో దరువు వేస్తున్నాడట. బావ రాడ్డు మీదే వేళ్ళు ఆడిస్తూ ఆ పరుగును నోటితో పాడుతున్నాడట. చీల జేబులోనే ఉండిపోయింది. "ఆస్పత్రిలో చొక్కా విప్పితే కింద పడింది. నర్సమ్మ తీసి నా చేతిలోనే పెట్టింది" అన్నాడు. నేను అప్పటికి పెద్దగా ఆలోచించలేదు. తప్పు చెప్పుకుంటే మంచిదని చిన్నప్పటి నుంచి ఆదివారపు బడిలో విన్నవాణ్ణి. "చెప్పెయ్ బావా, ఆమెకు చెప్పెయ్, తేలికవుతావు" అన్నాను. ఎంత సులభంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు వేస్తుంది.

కూడిక పొద్దున పూట జరిగింది. చర్చి నుంచి సమాధుల తోటకు వైరు లాగి, ఆంప్లిఫయర్ పెట్టి, పెట్టెను నేనే మోసుకొచ్చి నిలబెట్టాను. కొత్త నల్లరాయి పక్కన పెద్దమ్మ చాప మీద కూర్చుంది. బావ మొదలుపెట్టాడు. అక్కడున్న చాలామందికి అది పాట అనిపించి ఉండదు. పెద్దమ్మ మాత్రం రెండు వేళ్ళతో మోకాలి మీద దరువు వేస్తోంది, కొడుకు వేసే దరువు. ఆ పరుగు దగ్గరికి రాగానే బావ రెండు చేతులూ తీగల మీంచి ఎత్తేశాడు. ఆంప్లిఫయర్ హోరు ఒక్కటే మిగిలింది.

"అయిపోయిందా?" అంది పెద్దమ్మ.

"లేదు పెద్దమ్మా. ఇంకా ఉండాది. నాకు రాలేదు."

"వచ్చినకాడికి చాలు. నువ్వేం జేస్తావు, దేవుడు చెయ్యి తీసుకున్న్యాడు."

బావ ఆ మాట తట్టుకోలేకపోయాడు. తొడుగు ఊడదీసి పెట్టె మీద పెట్టి, ఆమె ముందు మోకరించి, నాకు చెప్పినదంతా అందరి ముందూ చెప్పాడు. చీల, జేబు, నర్సమ్మ. ఆమె అతని వైపు వంగి అడిగింది.

"ఏం పాడుకుంటా ఉన్నింటిరి?"

"ఈ పాటే."

"ఇదేనా?"

"ఇదే పెద్దమ్మా."

ఆమె లేచింది. చెప్పులు కనపడక కాసేపు వెతుక్కుంది. ఎవరో అందించబోతే వద్దని వట్టి కాళ్ళతోనే పోయింది. పాస్టరుగారు గబగబా ప్రార్థన అందుకున్నారు. నాకు ఏం చేయాలో తోచక వైరు చుట్టడం మొదలుపెట్టాను. అక్క నా దగ్గరికి వచ్చి, "నువ్వు చెప్పమన్నావంటగదరా?" అంది. అవునన్నాను. "నీకేం పోయింది? సాయంత్రం బస్సెక్కి పోతావు. రేపు ఆమె ఎదురుగా నీళ్ళు పట్టుకోవాల్సింది నేను" అంది.

పెద్దమ్మ ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. అది ఇంకా కష్టమైంది. ఆ ఇంటి గడప తొక్కడం మానేసింది. మూడు నెలలకు అక్కే బలవంతాన బావను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి పోయింది. నేనూ ఉన్నాను. ఆమె మేకలకు ఆకు వేస్తూ, మా వైపు తిరగకుండానే మాట్లాడింది. "వాడు ఏ బాధా లేకుండా నవ్వుకుంటా పోయినాడనుకున్న్యాను. ఆ పాట ఇంటే వాడు కండ్లకు కనపడేవాడు. ఇప్పుడు అది ఇంటే చీల కనపడతా ఉండాది. నీ బరువు నీకు దిగింది గదరా అబ్బయా. దించి యాడ పెట్టినావో చూసుకున్న్యావా?"

అయినా అక్క ఆమెను వదల్లేదు. జబ్బు పడితే గిన్నెలో గంజి పోసుకుపోయి తాగించేది. ఆమె అక్క చేతి గంజి తాగేది, బావ వాకిట్లో నిలబడితే గోడ వైపు తిరిగి పడుకునేది. అలాగే ఒక ఎండాకాలంలో ఆమె కన్నుమూసింది. బావ ఆమె పాడెకు భుజం పడతానని ముందుకు వచ్చాడు. బంధువులు వద్దన్నారు. వెనకాల నడిచాడు.

ఆమె పోయాక పెట్టెను చర్చికి తిరిగి ఇచ్చేస్తాడనుకున్నాం. ఇవ్వలేదు. అప్పటికతను ఒక కాలేజీలో వాచ్‌మన్. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, తొడుగు తొడుక్కుని, ఆ మేకపిల్ల పరుగు ఒక్కటే మళ్ళీ మళ్ళీ వాయించేవాడు. మూడో మోకాలి మీటకు ఈసారి మోటారు సైకిలు క్లచ్ కేబులు వాడి చూశాను. తీగ తెగలేదు. కొన్నాళ్ళకు ఫోను చేసి, "ఒకసారి రారా" అన్నాడు. పోయాను. మధ్యాహ్నం పూట, అక్క పక్కన కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. బావ మొదటి నుంచీ కాకుండా నేరుగా ఆ పరుగే అందుకున్నాడు. కడ్డీ జారింది, మోకాళ్ళు ఇటూ అటూ కొట్టుకున్నాయి, పాదాలు తొక్కాయి, ఒక్క స్వరమూ ఈడ్చుకుపోకుండా మేకపిల్ల కిందిదాకా దిగింది. గరగరలు ఆగాక బావ, "వచ్చిందిరా. ఎవరికి వాయించేది?" అని అడిగాడు. అక్క ఇంకో గింజ తీసి పక్కన వేసింది.

నేను గోడ గడియారం వైపు చూశాను. బావకు రెండు వేళ్ళు పోయిన నాటి నుంచి ఆరేళ్ళు. వాయిస్తే ఆ పరుగు పది సెకన్లు కూడా లేదు. ఒక పాట చేతికి రావడానికి ఎంత కాలం పడుతుందో చేతులు చెబుతాయి గానీ, అది వచ్చేనాటికి వినాల్సినవాళ్ళు ఉంటారో లేదో చెప్పవు.