పైకి చదవమన్నాను

మా అమ్మాయి డిగ్రీ పరీక్ష తప్పింది బద్ధకం వల్లేనని అందరికీ చెప్పాను. తొంభై మార్కులు రావాలని పట్టుబట్టి, నాకు వరండాలోకి వినపడేలా పైకి చదవమని వేధించానని మాత్రం చెప్పలేదు.

మొన్న నడికుడి రైల్వే గేటు దగ్గర మా బస్సు ఆగిపోయింది. పక్క సీటు అమ్మాయికి గంటలో పరీక్ష. పుస్తకం మూసేసి కాగితం మీద రాసుకుంటోంది.

"టైం లేదుగా, చదువుకోవేందమ్మా?" అన్నాను.

"చూడకుండా రాస్తేనే వచ్చిందో లేదో తెలిసేది బాబాయ్. గేటు తీసేలోపు ఈ రెండు ప్రశ్నలు అయిపోవాల." పెన్ను ఆపలేదు. "పోయినసారి మా నాన్న అడిగిన మార్కులే తలుచుకుంటా కూర్చుని ఫెయిలయ్యా."

మా అమ్మాయి ఇలాగే రాసుకుంటుంటే కాగితాలు లాక్కున్నాను.

గేటు లేచేసరికి ఆమె రెండోది పూర్తిచేసింది.

ఇంటికెళ్లి కూతురి ఎదురుగా కూర్చున్నాను. "నువ్వు సరిగ్గానే చదివావమ్మా. నేనే చదవనీయలా. క్షమించు తల్లీ," అన్నాను.