ఫ్రిజ్జులో కుచ్చప్ప

మదనపల్లెలో కొత్తగా ఉద్యోగంలో చేరి, లోకంలో నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మిన రోజులవి. పుంగనూరులోని మా ఇంట్లో మాత్రం అప్పుడు నవ్వన్నది లేదు. కుప్పం గ్రానైట్ క్వారీలో పనిచేసిన నాన్నకు షుగరు ముదిరి మోకాలి కింద కాలు తీసేశారు. ఆయన ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకునేవాడు. తెగిన కాలు మళ్లీ మొలిచే జంతువొకటి ఉందని ఎక్కడో చదివి, ధైర్యం వస్తుందని బెంగళూరు నుంచి ఒక ఆక్సొలాటిల్‌ని తెచ్చాను. (కాలు పోయిన మనిషికి ఇలాంటి కానుక ఇవ్వాలంటే ఎంత తెలివి కావాలో చూడండి.) నీళ్లలో బతికే తెల్లటి బల్లిలా ఉంటుంది, మెడ చుట్టూ ఎర్రటి కుచ్చులు. నాన్న దానికి కుచ్చప్ప అని పేరు పెట్టి, గోడ వదిలి తొట్టివైపు తిరిగాడు.

అంతటితో ఆగితే బాగుండేది. "అడుగంతా బోసిగా ఉండాదప్పా" అని, పాత స్నేహితుడి చేత కుప్పం నుంచి పాలిష్ పట్టిన గ్రానైట్ ముక్కలు తెప్పించి తొట్టిలో పరిపించాడు. క్వారీ మనిషికి రాయి లేని ఇల్లు ఇల్లు కాదు. కుచ్చప్ప వానపామును మింగేటప్పుడు నోటి ముందున్నదంతా నీళ్లతో సహా పీల్చేస్తుంది. అలా రాళ్లూ లోపలికి పోయాయి. తిండి మానేసింది. పలచటి చర్మం కింద పొట్టలో రాళ్లు నల్లగా కనిపిస్తుంటే, "నా రాళ్లే దాన్ని సంపుతాండాయి" అని నాన్న మళ్లీ గోడవైపు తిరిగాడు. అది చస్తే ఆయన ఇక ఇటు తిరగడని నాకు భయం వేసింది.

చల్లటి నీళ్ల డబ్బాలో ఉంచి ఫ్రిజ్జులో పెడితే రాళ్లు వాటంతటవే దిగొచ్చని, దిగకపోనూ వచ్చని అమ్మిన షాపాయన ఫోన్లో చెప్పాడు. శుక్రవారం సాయంత్రం నాన్న ఇన్సులిన్ పక్కన డబ్బా పెట్టాను. తెల్లారితే శనివారం. మా ఇంట్లో శనివారం నాడు కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు.

"ఫ్రిజ్జులో నీచు పెట్టినావా?" అంది అమ్మ.

"ప్రాణం ఉండేది నీచు ఎట్లయితాదిమా?"

"పొద్దున్నకి సచ్చిపోతే?"

గోడవైపు నుంచి నాన్న గొంతు వచ్చింది. "అది నీచు కాదు, పేషెంటు. సచ్చిపోతే దాంతోపాటు నన్ను గూడా బయటెయ్యి."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, దేవుడి పాలూ పెరుగూ పట్టుకెళ్లి, మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి సాయిబులామె ఫ్రిజ్జులో పెట్టి వచ్చింది.

పొద్దున అమ్మ పూజ ముగించి ఫ్రిజ్ తెరిచింది. డబ్బాలో కుచ్చప్ప కదలడం లేదు. పక్కన ఎవరిదో పెద్ద గిన్నె. మూత తీస్తే మసాలా పట్టించిన కోడి. అమ్మ గబుక్కున మూత వేసేసింది. అంతలో ఖాలా గుమ్మంలోకి వచ్చింది.

"మీ దేవుని పాలు మా ఫ్రిజ్జులో ఉండాయి కదమ్మా, వాటి పక్కన మాంసం ఉంటే మీకు తప్పని, మీరు పూజలో ఉంటే మా కోడిని తెచ్చి ఈడ పెట్టేసినా. మీ దాంట్లో ఎట్లాగూ జంతువు ఉండాది గదా."

మంచం మీద ఏదో చప్పుడు. నాన్న ఏడుస్తున్నాడనుకుని పరుగెత్తాను. నవ్వుతున్నాడు. కాలు పోయిన తర్వాత మొదటిసారి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నీళ్లు మార్చబోతే కుచ్చప్ప తోక ఆడించింది. డబ్బా అడుగున నల్లటి రాయి ఒకటి కనిపించింది. మిగతావి కూడా ఆ తర్వాత నిదానంగా దిగాయి. నాన్న ఆ రాయిని కడిగించి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "పాలిష్ పోలేదప్పా" అన్నాడు.

మరుసటి వేసవికి నాన్న లేడు. కుచ్చప్ప ఇప్పుడు మదనపల్లెలో నా దగ్గరే, రాయన్నది లేని తొట్టిలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాన్న గుర్తొస్తాడు. వెంటనే, ఆయనకు ధైర్యం కొనడానికి బెంగళూరు బస్సెక్కిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆయన్ని నవ్వించడానికి ఖాలా కోడి గిన్నె చాలని తెలిసి ఉంటే పక్కింటికే వెళ్లేవాణ్ణి.