పచ్చగా ఉన్న చెట్టే పడింది

చెట్టు పడ్డప్పుడు గాలి లేదు. ఆకు కూడా కదల్లేదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మర్నాడు మున్సిపల్ ఆఫీసు వాళ్లు "ఈదురుగాలులకు కూలింది" అన్నారు, పేపర్లోనూ అదే వచ్చింది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఖాదర్‌బీ బండి మీద అట్టు తిరగేస్తోంది. నిండా పచ్చటి ఆకులతో గొడుగులా ఉన్న నిద్రగన్నేరు మొదలంటా విరిగి రోడ్డుకు అడ్డంగా పడిపోయింది. దాని కింద ఆటో బుడాన్ ఉన్నాడు.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఖాదర్‌బీది అద్దంకి పక్క పల్లె. పెళ్లయిన కొత్తలో భర్త అలీ సాహెబ్‌తో కలిసి మిరప కోతలకు తిరిగింది. ఆయనకు పత్తి మిల్లులో పని దొరికితే ఇద్దరూ ఈ పట్నం చేరారు. మిల్లులో ఎగిరే దూది ఆయన ఊపిరితిత్తుల్లో గూడు కట్టింది. ఆయన పోయాక ఆమె అట్లబండి పెట్టింది. బస్టాండు దగ్గర పెడితే పోలీసులు లేపారు. ఆస్పత్రి ముందు పెడితే మందుల షాపతను తెల్లారేసరికి ఆ చోట మురికినీళ్లు పోయించేవాడు. చివరికి మిర్చి లారీలు ఆగే మలుపులో, నిద్రగన్నేరు నీడలో, ఆమెను ఎవరూ లేపలేదు. "ఈ పట్నంలో నా పేరున కాగితం లేకుండా నాదైన చోటు ఇదొక్కటే" అనేది.

ఆ చోటు వదలమని చెప్పిన మనిషి జెస్సీ. పొన్నూరు నుంచి వచ్చి ఇక్కడి డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే అమ్మాయి, రోజూ పొద్దున ఖాదర్‌బీ దగ్గర అట్టు తిని కాలేజీకి పోతుంది. వానలు పడుతున్న రోజుల్లో ఒకనాడు చెట్టు మొదట్లో చెయ్యి కడుక్కోబోయి అక్కడే గొంతుక్కూర్చుంది. నేలకు జానెడు ఎత్తున, మానుకు అతుక్కుని, అరచేతులంత వెడల్పు పుట్టగొడుగులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. పైన వార్నిష్ పూసినట్టు ఎర్రటి మెరుపు, అంచున తెలుపు. ఒకదాన్ని విరిచి తిప్పి చూసింది. అడుగున రేకులు లేవు, సూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలున్నాయి. చుట్టూ గడ్డి మీదా, బండి రేకు మీదా జేగురు రంగు పొడి.

"ఈ పొడి ఎప్పట్నుంచి పడుతోందక్కా?"

"ఎప్పట్నుంచో. లారీల్లో మిర్చి టిక్కీ బస్తాల నుంచి రాలే కారం. పొద్దున్నే తుడుచుకోడం నాకలవాటే."

అని తనే ఇంత పొడి వేలికద్ది నాలుక మీద వేసుకుంది ఖాదర్‌బీ. మండలేదు. మళ్లీ వేసుకుంది. ఊసేసి జెస్సీ మొహంలోకి చూసింది.

మిరప పండే నేల మీద ఎర్రటి పొడి కనబడితే కారం కాక ఇంకేమనుకుంటారు?

జెస్సీ బండి మీది పచ్చడి రోకలి తీసుకుని మాను చుట్టూ కొట్టింది. రోడ్డు వైపు గట్టిగా పలికింది. మురుగుకాలువ వైపు ఎండిన సొరబుర్రలా మోగింది.

"ఈ పుట్టగొడుగుని గానోడెర్మా అంటారు. ఆ పొడి దీన్నుంచి రాలిందే. చేవ తినేసిందక్కా. బెరడు పక్కనుండే కొయ్యలో నీళ్లు పారుతున్నాయి గనక ఆకు పచ్చగానే ఉంది. నిలబెట్టే కొయ్య మాత్రం లేదు. కాలువ తవ్వినప్పుడు వేళ్లు నరికేశారే, అక్కణ్ణుంచి దూరింది. బండి తీసెయ్."

పక్కనే ఆటో ఆపుకుని తింటున్న బుడాన్ నిండు నోటితో నవ్వాడు. "చెట్టుకి పుట్టగొడుగులు మొలిస్తే మా అక్క కూరొండుద్ది గానీ, బండెందుకు తీసుద్ది మేడం?"

"ఒరేయ్, ముందు నోట్లోది మింగి మాట్లాడు" అని కసిరి, ఖాదర్‌బీ జెస్సీ వైపు తిరిగింది. "నీకేం టీచరమ్మా, నీకు కాలేజీ ఉంది. నేనెక్కడికి పోను?"

"ప్రాణం కంటే ఎక్కువా ఈ చోటు?"

"ఈ చోటు పోయాక మిగిలే ప్రాణమెంతలే."

మాట వినని మనిషి కోసం జెస్సీ ఆఫీసు మెట్లెక్కింది. పార్కులూ చెట్లూ చూసే శివరామకృష్ణ ఫోన్లో ఫొటోలు చూశాడు. చెడ్డవాడేం కాదు. "సరే మేడం, తీయించేస్తా" అని అప్పటికప్పుడే మేస్త్రీకి ఫోన్ చేశాడు: "అట్లబండి ఖాదర్‌బీ దగ్గర జబ్బు చెట్టుంది, కొట్టేయండి."

ఆ ఒక్క మాటతో అంతా తలకిందులైంది. కాలువ అవతల ఒక వేపచెట్టుంది. నాలుగైదేళ్లుగా ఎక్కడ చూసినా వేపలకు కొమ్మల చివర్లు మాడిపోతున్నాయి కదా, ఆ వేపకూ మాడాయి. జబ్బు చెట్టు అంటే ఈ చుట్టుపక్కల ఎవరి కళ్ల ముందైనా మెదిలేది అలాంటి వేపే. కూలీలు వచ్చి "ఏదమ్మా జబ్బు చెట్టు?" అనడిగితే లారీ వాళ్లూ, ఆటో వాళ్లూ అందరూ దానికే చెయ్యి చూపించారు. ఖాదర్‌బీ కూడా. పరీక్షల డ్యూటీలో ఉన్న జెస్సీ సాయంత్రం వచ్చేసరికి, మొదట్లో కొత్త చిగుళ్లు వేస్తున్న ఆ వేప దుంగలై ట్రాక్టరెక్కింది.

అది చాలదన్నట్టు, అదే వారం పట్నం శుభ్రత చూడ్డానికి పెద్దవాళ్లు వస్తున్నారని రోడ్డు పొడుగునా చెట్లకు రంగులేశారు. పుట్టగొడుగుల్ని పారతో చెక్కేసి, మానుకు అడుగున జాజు, పైన సున్నం పూశారు. నిద్రగన్నేరు పెళ్లికొడుకులా తయారైంది.

జెస్సీ మళ్లీ ఆఫీసుకు పరుగెత్తింది. శివరామకృష్ణకు విసుగొచ్చింది. "పచ్చటి చెట్టు మేడం అది! దాన్ని కొడితే రేపు మీలాంటి వాళ్లే కదా ధర్నాకి కూర్చునేది?"

నిజమే, కూర్చుంటాం. రోడ్ల వెడల్పు పేరుతో మంచి చెట్లను కొట్టిన చేతులవి, నమ్మేదెలా? కానీ పట్నంలో చెట్టుకు రంగు వేసే మనిషి ఉన్నాడు, కొట్టే మనిషి ఉన్నాడు, చెట్టును చూసే మనిషి లేడు. ఒక్కడంటే ఒక్కడు లేడు.

"పీడ చెట్టు పోయింది కదా టీచరమ్మా, ఇంకా ఏంటి నీ గోల?" అంది ఖాదర్‌బీ. జెస్సీ కళ్లనీళ్లు పెట్టుకునేసరికి మెత్తబడి, "సరేలే, నీ మాటెందుకు కాదనాలి" అని బండిని నీడ చివరకు, లారీలు నిలిపే వైపుకు జరిపింది. ఆ జరపడమే ఆమెను బతికించింది. ఆ పొద్దున బుడాన్ ప్లేటు పట్టుకుని, "ఎండ మాడ్చేస్తందక్కా" అంటూ తనే మాను దగ్గరికి పోయి చప్టా మీద కూర్చున్నాడు.

పెళపెళమని ఒక్క చప్పుడు. ఆమె తల తిప్పేసరికి ఆకాశం ఖాళీ అయింది. ఒక కొమ్మ బండిని నలిపి ఆమె ఎడమచెయ్యి విరిచింది. ఆమెకు నొప్పి తెలియలేదు. కొమ్మల్లోంచి దూరి పోయి ఆకుల్ని రెండు చేతులా లాగుతూ, "ఒరేయ్ బుడాన్, పలకరా! పలకరా!" అని అరుస్తూనే ఉంది. అక్కడ పలికే మనిషి లేడు.

విరిగినచోట చేవ ఉండాల్సిన లోపలంతా తడిసిన దూదిలా తెల్లటి పీచు. చుట్టూ వేలెడు మందాన మాత్రమే కొయ్య. ఖాదర్‌బీ అందులో వేలు పెడితే కణుపుల దాకా దిగిపోయింది. శివరామకృష్ణ వచ్చి ఆ మొదలు చూసి, పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు. "ఎంత పచ్చగా ఉందండీ" అన్నాడు.

కట్టు ఆరకముందే ఖాదర్‌బీ జెస్సీని వెంటబెట్టుకుని రోడ్డెక్కింది. చేతిలో అట్లకాడ. ఒక్కో చెట్టు మొదట్లో జాజు, సున్నం గీకుతూ పోయింది. చాలా చెట్లు బాగానే ఉన్నాయి. ఆడపిల్లల హైస్కూలు గేటు పక్క చెట్టు దగ్గర మాత్రం రంగు పెచ్చుతో పాటు ఏదో ఊడింది. పారతో చెక్కగా మిగిలిన పుట్టగొడుగు మొదళ్లు, వరసగా. అప్పుడే లోపల గంట కొట్టారు.

ఆమె గేటుకు అడ్డంగా నిలబడి కేకలేసింది. వాచ్‌మన్ తిట్టాడు. హెడ్మాస్టరు "ఎవరిచ్చారమ్మా నీకు అధికారం?" అన్నాడు.

"చచ్చినోడిచ్చాడు. వెనక గేటు తెరువు."

తెరిచారు. చెట్టు మాత్రం ఇది రాస్తున్నప్పటికి కూడా నిలబడే ఉంది. ఫైలు కదులుతోందట. ఖాదర్‌బీ ఇప్పుడు దానికెదురుగా, రోడ్డుకవతల, నడినెత్తిన ఎండలో పాత స్టవ్ పెట్టుకుని ఒంటిచేత్తో అట్లు పోస్తోంది. బేరం అంతంతమాత్రం. అట్టు మాడినా సరే, ఆమె చూపు గేటు మీదే.

"ఓ సైకిల్ పిల్లా! ఎవరికోసమే అక్కడ? ఆ నీడ వద్దు, ఇటొచ్చి ఎండలో నించో!"