పక్కన కూర్చున్నవాళ్లు

ఇరవై రెండేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ప్రశ్నలడగడమే ఆమె ఉద్యోగం. వీధుల్లో ఆమెను ప్రశ్నలక్క అంటారు. సబ్బు మొదలుకొని ఓటు దాకా ఆమె అడగని విషయం లేదు. ఇంటికొచ్చాక మాత్రం ఆమె నోరు విప్పదనీ, అడిగే పనంతా తనదేననీ దర్జీ పని చేసే భర్త చెప్పుకుంటాడు.

ఈ ఏడాది అయిదు దేశాలు కలిసి చేస్తున్న పరిశోధనలో పని దొరికింది. ఇంటి చాకిరీ ఎవరెంత చేస్తున్నారు, దాంతో పదికి ఎంత తృప్తిగా ఉన్నారు అన్నది విషయం. అన్ని చోట్లా ప్రశ్నలు అవే, షరతూ అదే: జవాబు చెప్పే మనిషి గదిలో ఒంటరిగా ఉండాలి. పక్కన ఎవరైనా ఉంటే ఫారం చివరి గడిలో టిక్కు పెట్టాలి.

ఆ షరతు రాసినవారి ఇళ్లలో గదికో తలుపు ఉంటుంది కాబోలు. ఇక్కడ రెండు గదుల్లో ఆరుగురు. కోడలిని అడిగితే అత్తగారు జవాబిస్తుంది, మరిది సరిదిద్దుతాడు, గోడ అవతలి నుంచి పొరుగావిడ అసలు సంగతి చెబుతుంది. రెండు వందల ఫారాల్లో నూట అరవైకి ప్రశ్నలక్క నిజాయితీగా టిక్కు పెట్టింది.

ఫారాలు అప్పజెప్పిన వారం తర్వాత ఆమె కన్నా పదిహేనేళ్లు చిన్నవాడైన సూపర్‌వైజరు పిలిచాడు. ఆ నూట అరవై చెల్లవట. మిగతా నలభై చాలవు కాబట్టి ఈ ప్రాంతాన్నే నివేదికలోంచి తీసేస్తారట. వేరే దేశాల్లో ఇలాంటివి నూటికి అయిదు కూడా లేవట.

“పెన్సిలు టిక్కులేగా అక్కా. చెరిపేస్తే ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుందిగా నాయనా. మూడు నెలలు చెప్పులరిగేలా తిరిగింది అబద్ధం రాయడానికా?”

చేసేది లేక అతను ఆమెను వీడియో సమావేశంలో కూర్చోబెట్టాడు. అడిగేటప్పుడు ఇంట్లో మిగతావాళ్లను బయటికి పంపొచ్చుగా అని ఈ పరిశోధన నడిపే పెద్ద ప్రొఫెసరమ్మ అడిగింది. సూపర్‌వైజరు రెండు వైపులా మాటలు తర్జుమా చేసి అందించాడు.

“వాళ్లింట్లోంచి వాళ్లను పొమ్మనడానికి నేనెవర్నండీ? పొమ్మన్నా తలుపు చాటునే నిలబడతారు. అంతకన్నా ఎదురుగా కూర్చుంటేనే నయం.”

తెర మీద ఓ మూల కిటికీలో ఇంకో దేశపు సర్వే ఆవిడ ఫక్కున నవ్వింది. మా దగ్గరా అంతేనంది. కాకపోతే పని పోతుందేమోనని తామెవరూ ఆ గడి జోలికి పోలేదని ఒప్పుకుంది. చివరికి ప్రొఫెసరమ్మ ఓ దారి చెప్పింది. ముప్ఫై ఇళ్లలో ఒంటరిగా మళ్లీ అడగాలి. జవాబులు ఏమాత్రం మారతాయో తెలిస్తే, ఆ తేడా చూపించి ఫారాలన్నీ ఉంచుకోవచ్చు.

ప్రశ్నలక్క ఆలోచించింది. అత్తగార్లకు మోకాళ్ల నొప్పులు. డాబా మెట్లెక్కరు. బట్టలారేసే వేళకు పైకి వెళ్లి, తడి దుప్పటికి రెండో కొస తను పట్టుకుని అడగడం మొదలుపెట్టింది. మొదటి ఇంటి కోడలు కింద గదిలో పదికి తొమ్మిది అన్న మనిషే.

“ఆరు,” అంది ఇప్పుడు. దుప్పటి దులిపి, “అయిదు వేసుకోండక్కా. ఆ ఒక్కటీ మీరొచ్చారన్న మొహమాటం,” అంది.

ముప్ఫై ఇళ్లలో ఇరవై ఒక్క చోట్ల అంకెలు తగ్గాయి. అయిదిళ్లలో మారలేదు. నాలుగిళ్లలో పెరిగాయి; పనిలో సగం అత్తగారే అందుకుంటుందని అక్కడి కోడళ్లు గొంతు తగ్గించి చెప్పారు. అత్తగారి చెవిన పడకుండా ఆమెను మెచ్చుకునే కోడళ్లూ ఉంటారని ఇన్నేళ్ల సర్వీసులో ప్రశ్నలక్కకు అప్పుడే తెలిసింది. ఆ నాలుగు ఫారాలనూ పైన పెట్టి కట్ట కట్టింది.