కాగితం మీద డప్పు దరువు

గల్ఫ్ యుద్ధం నాటి ఆ రోజుల్లో సౌదీ ఎడారిలో నా ఉద్యోగం కదలకుండా నిలబడటం. నవ్వకండి, జీతమిచ్చింది దానికే. పెట్రోలు కోసం వెతికే పెద్ద లారీ తన ఇనుప పలకను నేలకు ఆనించి గడగడలాడిస్తే, ఆ అదురు లోపలి రాతిపొరలకు తగిలి తిరిగివస్తుంది. దాన్ని వినడానికి ఇసుకలో జియోఫోన్లు గుచ్చడం మా పని. చీమ తుమ్మినా పట్టేసే చెవులవి. అందుకే ఎర్రజెండా లేవగానే ఎక్కడివాళ్ళం అక్కడ బొమ్మల్లా ఆగిపోవాలి. నాకేమో ఇరవై రెండేళ్ళు, కాళ్ళు ఊరుకోవు. ఒకరోజు అందరూ ఆగినప్పుడు జియోఫోన్ పక్కన మడమతో మా ఊరి డప్పు దరువు వేశాను. రికార్డింగ్ బండిలో కూర్చునే కడప భాయ్ ఆ అదురు గీతలుగా పడే కాగితం పట్టుకొచ్చి, "భూమిలో పీర్ల పండగ జరుగుతాండాదేమిరా?" అని వీపు మీద ఒక్కటిచ్చాడు. బావ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. (బావంటే మా అక్క మొగుడే. నాకు వీసా తెప్పించిన పాపం ఆయనదే.)

అల్ ఖోబర్ వైపు సైరన్లు మోగుతున్నాయని క్యాంపులో పొడవాటి కందకం తవ్వి, దూలాలు వేసి రేకులు పరిచి, పైన ఇసుక కప్పి, బంకర్ అని పేరు పెట్టాం. ఒక్క క్షిపణీ మావైపు చూడలేదు (మా మీద వేస్తే వాళ్ళకే దండగ). ఓ శుక్రవారం సెలవు పొద్దున, గదిలో ఎనిమిది మంది గురక భరించలేక బావ కునుకు తీద్దామని అందులోకి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే మెకానిక్ తాను బాగుచేసిన లారీని క్యాంపులోనే అదిరించి చూశాడు. శత్రువు చేయలేని పని మా లారీ చేసింది. కందకం ఈ కొస నుంచి ఆ కొస దాకా కూలి చదునైపోయింది. మెట్ల దగ్గర బావ చెప్పులు, పొందికగా పక్కపక్కనే. క్షిపణికి భయపడి దూరే చోటికి కూడా చెప్పులు విడిచి వెళ్ళే మనిషి ఆయన.

చెప్పుల దగ్గర తవ్వాం. లేడు. ఒకచోట తీస్తే మరోచోట ఇసుక జారుతోంది. అక్కకు ఉత్తరం ఎలా మొదలుపెట్టాలా అని నా బుర్ర అప్పుడే వెతుకుతోంది. భాయ్ అరిచాడు: "పారలు ఆపండ్రా! చెవులు పెడదాం." కందకం పొడవునా పన్నెండు జియోఫోన్లు గుచ్చాం, ఒక్కోదానికి కాగితం మీద ఒక్కో గీత. ఎర్రజెండా లేచింది. పారలు పట్టుకున్నవాళ్ళందరం ఊపిరి బిగపట్టి నిలబడ్డాం.

బండిలోంచి భాయ్ ఎర్రబడ్డ మొహంతో తొంగిచూశాడు. "రేయ్ నిజామాబాదోడా! సచ్చేటోని కాడ గూడా పరాచికమేనా? కాళ్ళాపు!"

"నేను గాదు భాయ్! బొమ్మ లెక్క నిలబడ్డ!"

"అదే దరువు, ఏడో గీతలో! నువ్వుండేది ఏడో దాని కాడనే గదరా!"

అందరి కళ్ళూ నా మీదే. వాళ్ళ తప్పేం లేదు, నన్ను నేనే నమ్మేవాణ్ణి కాదు. ఇంకేం తోచక ఇసుకలో వెల్లకిలా పడి, బోల్తాపడ్డ బొద్దింకలా రెండు కాళ్ళూ ఆకాశానికెత్తాను. "అక్క మీద ఒట్టు! ఇప్పుడు సూడు భాయ్!"

ఎవరూ నవ్వలేదు. భాయ్ మళ్ళీ కాగితం మీదికి వంగాడు. "ఇంగా వస్తాండాది... అన్నిటికన్నా ముందు ఏడోదానికే వస్తాండాది."

దగ్గరి చెవికే చప్పుడు ముందు చేరుతుందని ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పాడో. చేతులతోనే తవ్వాం. నడుము లోతుకు వచ్చేసరికి దరువు ఆగిపోయిందన్నాడు భాయ్. తవ్వడం మాత్రం ఎవరూ ఆపలేదు. వంగిన రేకు కింద, ఊపిరికి సరిపడా సందులో బావ దొరికాడు. చేతిలో కర్రముక్క, కుడికాలు మీద దూలం.

"ఇంతసేపేందిరా? చెయ్యి గుంజుతున్నది," అన్నాడు.

"నేనే కొడుతున్ననుకున్నరు బావా."

"అనుకోరా మరి? నీ దరువే గద!"

ఆ కాలు మోకాలి కింద తీసేశారు. ఇంకొంచెం ముందు తెస్తే దక్కేదేమో అన్నాడు డాక్టరు. ఆ కొంచెంలో ఎంతసేపు ఆ దరువు నాది కాదని నిరూపించుకోవడానికి పట్టిందో ఇప్పటికీ లెక్క తేలదు. బావ ఇక తిరిగిరాని ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్ళిపోయాడు.

భాయ్ ఇచ్చిన రెండు కాగితాలూ నా పెట్టెలో ఉన్నాయి. ఒకటి నా వేళాకోళం, ఇంకోటి బావ ప్రాణం. వెలిసిపోయి, ఏది ఏదో తెలియడం లేదు. సెలవుకు వెళ్ళినప్పుడు చూపిస్తే, బావ వెలుగుకు పెట్టి చూసి, "రెండూ నీయే తియ్‌రా," అని పెట్టుడుకాలితో నేల మీద దరువేశాడు. కాళ్ళు ఊరుకోని ఆ ఇరవై రెండేళ్ళవాడు నాలో ఇంకా ఉన్నట్టున్నాడు. ఆ చప్పుడు వినగానే, ఎర్రజెండా లేవకుండానే, కదలకుండా నిలబడ్డాడు.