రుద్రంగిలో రిపోర్టు కోసం ఆగిన మనిషి

రిపోర్టు ఏమైందని రుద్రంగి నుంచి రాజవ్వ ఫోన్ చేయకపోతే నేను ఈ ప్రయాణం చేసేదాన్నే కాదు. మస్కట్, దుబాయ్‌లలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవాళ్ల పేగుల్లోని బాక్టీరియా జన్యువులను చదివి, ఊళ్లోనే ఉన్నవాళ్లతో పోల్చే పరిశోధనలో నమూనాలు సేకరించడం నా పని. మలం డబ్బాలో పట్టి ఇవ్వమంటే చాలామంది ముఖం తిప్పుకున్నారు. రాజవ్వ భర్త నర్సయ్య ఒప్పుకున్నాడు. మస్కట్‌లో పదిహేనేళ్లు మేస్త్రీ పని చేసి, కడుపునొప్పితో తిరిగొచ్చిన మనిషి. మళ్లీ ఎక్కడ కాదంటాడోనని "రిపోర్టు తెచ్చిస్తా" అన్నాను. అలాంటిది రాదని నాకు తెలుసు. ఎనిమిది నెలలైంది.

జగిత్యాలలో ఉదయం ఏడింటికి బస్సెక్కితే ముప్పావు గంటలో కోరుట్ల చేరాను. అక్కడి నుంచి వేములవాడ బస్సు రుద్రంగి మీదుగానే వెళ్తుంది. ఇంకో గంట. స్టాండులో ఆటో అతను "ఎవలింటికి మేడం?" అన్నాడు. చెప్పాను. "మస్కట్ నర్సన్ననా? మస్తు బక్కగైండు పాపం" అన్నాడు.

రాజవ్వ గడపలోనే ఎదురొచ్చింది. "రిపోర్టు తెచ్చినవా బిడ్డ? దవాఖానకు పోదామంటే, గా కాయితం అచ్చినంకనే పోదామంటడు. అండ్ల అన్నీ తెలుస్తయట."

"అమ్మా, అందులో ఆయన జబ్బేంటో ఉండదు. ఎంతోమంది నమూనాలు కలిపి చూసే పని అది. మీకు విడిగా కాగితం రాదు. నేను అబద్ధం చెప్పాను."

మంచంలోంచి లేవకుండానే నర్సయ్య అన్నాడు: "సిగ్గిడిసి డబ్బ ఇచ్చిన గదా మేడం. గప్పుడే చెప్తే ఏమైతుండె?"

ఆటో మాట్లాడి ఇద్దరినీ జగిత్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాను. గొట్టం వేసి చూసిన డాక్టరు, కడుపులో పెద్ద పుండుందని, రక్తం బాగా పోయిందని చెప్పారు. మందులతో మానుతుందట. "ఇన్నాళ్లు ఎందుకు రాలేదు?" అని కోప్పడ్డారు.

నర్సయ్య నావైపు చూసి తల దించుకున్నాడు. "పనులల్ల వడి రాలే సార్."

పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఆ మనిషి నా పరువు కాపాడాడు, నేను కాపాడనిచ్చాను. ఆ బాక్టీరియా గురించి రేపు మేం ఎంత గొప్ప సంగతి కనిపెట్టినా, దాని వెనక నర్సయ్య ఓర్చుకున్న ఎనిమిది నెలల నొప్పి ఉంటుంది.

ఇలాంటి పని మీద ఊళ్లకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: డబ్బా చేతికిచ్చే ముందే, ఈ పరీక్షతో మీ జబ్బు తెలియదు, నొప్పి ఉంటే ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లండి అని చెప్పండి. అది విని డబ్బా తిరిగిచ్చేస్తే, తీసుకుని వచ్చేయండి.