చివరి పుస్తకంలో కూర్మయ్య

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే ఓ షెడ్డులో వనజకు వింత ఉద్యోగం ఉండేది. దానికి జీతం లేదు. పొద్దున అందరితో పాటే వచ్చి, పళ్లెం ముందేసుకుని, చిన్న కత్తితో పప్పు మీది పొట్టు గీరేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మాత్రం కత్తి పక్కన పెట్టి పుస్తకం తీసేది. ఆమె చదువుతుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలా గుప్పెడు పప్పు ఆమె పళ్లెంలో పోసేవారు. సాయంత్రం తూకం వేసేసరికి వనజ పళ్లెం ఎవరికీ తీసిపోయేది కాదు. సూపర్‌వైజర్ గణపతిరావు మొదట్లో కళ్లెర్రజేశాడు. తీరా చూస్తే, కథ నడుస్తున్నంతసేపూ ఒక్కరూ కబుర్లాడరు, నీళ్లకని లేవరు. ఇంకేం కావాలి! అతనూ స్తంభం పక్కన కుర్చీ వేయించుకుని, కాగితాలు చూసుకుంటున్నట్టు నటిస్తూ వినేవాడు.

వనజ పుట్టింది భావనపాడులో, వల మీద బతికే ఇంట్లో. టెక్కలి బడిలో పదో తరగతి గట్టెక్కింది. అంతటితో చదువాగిపోయింది గానీ చదివే యావ ఆగలేదు. పెళ్లయి పలాస వచ్చాక మొగుడు కామేశ్ స్టేషన్ దగ్గర ఆటో తోలుతూ, అద్దె పుస్తకాల షాపు నుంచి ఏది దొరికితే అది తెచ్చి పడేసేవాడు. మొగుడికి చదవడం మీద మోజు లేదు. పెళ్లాం పుస్తకంలో పడితే తన మీద కేకలెయ్యదని కనిపెట్టిన తెలివైన మనిషి.

అలా తెచ్చినవాటిలో తగిలింది ‘నక్షత్ర నౌక’. పెద్ద తరగతుల పిల్లల కోసం రాసిన సైన్సు కథ, మొత్తం ఏడు భాగాలు. ఒక కెప్టెన్ ఓడ వేసుకుని చుక్కల్లోకి వెళ్లి తప్పిపోతాడు. అతని కూతురు, దాని స్నేహితులు కలిసి ఆ ఓడ ఆచూకీ కోసం నానా తిప్పలూ పడతారు. తొంభైయెనిమిదిలో మొదటి భాగం షెడ్డులో మొదలుపెట్టిన రోజే గొడవొచ్చింది. కెప్టెన్ పేరు ఆర్యవర్ధన్.

“ఆ పేరేటే? పిలిసేలోగా మడిసి ఊరు దాటిపోతాడు!” అంది జగదాంబ. షెడ్డులో అందరికన్నా పెద్ద నోరు ఆమెది.

“సర్లే, కూర్మయ్య అనుకోండి” అంది వనజ. శ్రీకూర్మం దేవుడి పేరు. తీరం వెంట ఏ ఊళ్లో దిగినా ఇద్దరు కూర్మయ్యలు ఎదురవుతారు. కూతురికి మంగ అని పెట్టింది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆ మూల కూర్చున్న రాజులమ్మ చేతిలో మాత్రం గుండు పప్పు రెండు బద్దలైపోయింది. ఎన్నడూ పప్పు విరగ్గొట్టని మనిషి. వనజ చూసింది, చూసి ఊరుకుంది.

రాజులమ్మది బారువ దగ్గర ఓ సముద్రపుటూరు. మొగుడు చేపల వేటకెళ్లాడు. పడవ తిరిగి రాలేదు, పడవ చెక్క కూడా రాలేదు. కొడుకుని అత్తారింట్లో వదిలి, పలాసలో తమ్ముడి పంచన చేరి, ఈ షెడ్డుకొచ్చింది. నుదుట రూపాయంత బొట్టు, చేతినిండా గాజులు. ఎవరైనా అడిగితే “సంద్రానికెల్లాడు” అనేది, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తాడన్నట్టు. అంతకు మించి ఆమె నోట ఒక్క ముక్క వచ్చేది కాదు. కానీ కథ విషయంలో మాత్రం మహా పట్టుదల. వనజ పళ్లెంలో మొదటి గుప్పెడు ఎప్పుడూ ఆమెదే.

ఆరు భాగాలు అలా నడిచాయి. ఏడోది, ఆఖరిది, రాయడానికి రాసినాయన ఏళ్లు తీసుకున్నాడు. ఈలోగా రాజులమ్మ ఇంట్లో పెద్దలు గొడవ మొదలెట్టారు. మనిషి కనబడకుండా పోయి పన్నెండేళ్లు నిండితే, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మ జరిపించాలి. కొడుకు తిరుపతిరావుకి సంబంధం కుదిరింది. ఈ కార్యం కానిదే ఆ శుభం ఎలా చేస్తామని వాళ్ల బాధ. వాళ్లదీ తప్పనలేం.

“ఆ కత అయిపోనీండి. అప్పుడు సూద్దాం” అని కబురంపిందట రాజులమ్మ. షెడ్డులో అందరూ పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు. వనజ వంకే చూస్తూ, “ఆడు తిరిగొత్తాడో రాడో తేల్తాది గదా” అంది.

కథ కథే, బతుకు బతుకే అని వనజ చెబుదామనుకుంది. ఆ బొట్టు వంక చూసి, కత్తి తీసుకుని పొట్టు గీరడంలో పడింది.

అందుకే, కామేశ్ ఆఖరి భాగం తెచ్చిన రోజు వనజ ఎన్నడూ చేయని పని చేసింది. ముందే ఇంట్లో చదివేసింది. పొయ్యి మీద అన్నం మాడిపోయింది. చదవడం పూర్తయ్యాక ఆమెకు పిచ్చెక్కినట్టయింది. రాసినాయన ముప్పై ఏళ్లు ఒక్క గెంతులో దాటించేశాడు! పన్నెండేళ్ల మంగకి నలభై రెండొచ్చాయి, జుట్టు నెరిసింది. ఓడ తిరిగొస్తుంది. కానీ ఓడలో గడిచింది పది నెలలేనట. కెప్టెన్ వెళ్లినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే, కుర్రాడిలా ఉంటాడట. అదెలాగ? పోనీ దిగుతాడా అంటే, మైదానంలో మంగ నిలబడి చూస్తుంటే ఓడ తలుపు తెరుచుకుంటుంది. అక్కడికి పుస్తకం అయిపోయింది. వనజ అట్ట వెనక్కి తిప్పి చూసింది, పుస్తకం దులిపి చూసింది. పేజీలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

కామేశ్ ఆటోలో రోజూ బజారుకెళ్లే పట్టాభిరామయ్య మాస్టారు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. మర్నాడు పొద్దున్నే వనజ కూడా ఆటోలో కూర్చుంది, ఆయన ఎక్కీ ఎక్కకముందే పుస్తకం ముందు పెట్టింది.

“బాబూ, ఇదేటి? అందరికీ ముప్పై ఏళ్లయితే ఆడికి పది నెలలేటి?”

మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు. “నిజమేనమ్మా. బాగా వేగంగా పోయేవాడికి కాలం నెమ్మదిగా నడుస్తుంది.”

“మా ఆయన ఆటో యేగంగానే తోలతాడండి. ఆడికేం నెమ్మదవనేదు.”

“అంత వేగం చాలదమ్మా! వెలుగు ఎంత వేగంగా పోతుందో, ఇంచుమించు అంత వేగంగా పోవాలి.”

“అయితే పోయినోడు ఎక్కడో కుర్రోడిగానే ఉంటాడా? మరి ఆడు బతికున్నట్టా, లేనట్టా?”

మాస్టారు పుస్తకం తీసుకుని ఆఖరి పేజీలు తిరగేశారు. ఆటో పోతూనే ఉంది. చివరికి, “ముప్పై ఏళ్లు పిల్లలకు ఈ పాఠం చెప్పాను తల్లీ. ఇలా ఎవరూ అడగలేదు. నాకు తెలియదు” అన్నారు. వనజకి ఉన్న తికమకకి ఇదొకటి తోడైంది. మాస్టారికే తెలియనిది తను రాజులమ్మకేం చెబుతుంది?

ఆ మధ్యాహ్నం షెడ్డులో చదువు మొదలైంది. వారం పది రోజులు సాఫీగానే గడిచాయి. ఆ ముప్పై ఏళ్ల గెంతు దగ్గరికొచ్చేసరికి షెడ్డు షెడ్డంతా సంతైపోయింది.

“ఓలమ్మో! అయ్య కంటే కూతురు పెద్దదా? మరి ఆ గుంట ఆడ్నేటని పిలుత్తాది? తమ్ముడూ అంటాదా?” అని జగదాంబ నెత్తి కొట్టుకుంది.

“పెళ్లాం గతేటే? ముసిలిదైపోనేదా?”

“రాసినోడికి మతి సెడింది!”

గణపతిరావు సైతం కుర్చీలోంచి లేచి, “ఇది అచ్చుతప్పేమో, సరిగా చూడు” అన్నాడు. రాజులమ్మ కత్తి మాత్రం ఆగిపోయింది. వనజకి ఏం తోచడం లేదు. ఇంకో రెండు పేజీలే ఉన్నాయి. పేర్లు మార్చిన నోటితో ముగింపు మార్చేస్తేనో? దిగాడు, పెళ్లాం దగ్గరికొచ్చాడు అని చదివేస్తే పోలా? అప్పుడీ పిచ్చితల్లి ఆ గాజులతో ఇంకెన్నేళ్లు కూర్చుంటుంది? కొడుకు పెళ్లేమవుతుంది? పోనీ ఓడ పేలిపోయిందని చదివితే? అమ్మో, ఆ మాట ఎవరనగలరు!

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర ఓ కుర్రాడు నిలబడ్డాడు. బక్కపల్చటి మనిషి, ఎండకి కమిలిన మొహం. లోపలికి రాబోతే గణపతిరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎవరయ్యా నువ్వు? ఎవరి తాలూకా?”

“బారువ కాడి నుంచండి. కూర్మయ్య తాలూకా. ఆయన కొడుకుని, తిరుపతిరావుని. మా యమ్మని తీసుకెల్దారని వచ్చాను. కార్యానికి పెద్దలు రోజు సూసేరు.”

షెడ్డులో కత్తులన్నీ ఆగిపోయాయి. వనజకి ముందు అర్థం కాలేదు. కూర్మయ్య కొడుకేమిటి, కూర్మయ్యకి మంగ కదా కూతురు అనుకుంది, వెర్రిమొహం వేసుకుని. కుర్రాడు రాజులమ్మ వైపు నడిచి “అమ్మా” అన్నాక గానీ తెలిసిరాలేదు. తెలిశాక పుస్తకం ఒళ్లో పెట్టేసింది. మొగుడి పేరు పెళ్లాం నోట రాదు. ఈమె ఎన్నడూ అనలేదు, షెడ్డులో ఎవరికీ తెలియలేదు. ఇన్నేళ్లుగా తను ఆ పేరే గొంతెత్తి చదివింది. కూర్మయ్య దారి తప్పాడంది. కూర్మయ్య ఓడలో గాలి అయిపోతోందంది. ఓసారైతే కూర్మయ్య ఇక లేడని ఆపి, మిగతాది రేపు అని ఇంటికి పోయింది కూడా!

“అప్పా, నాకు తెలవదప్పా! నీ మీదొట్టు. తెలిస్తే ఆ పేరు ఎట్టుదునా? నాకెందుకు సెప్పనేదు?” అని ఏడుపు గొంతుతో రాజులమ్మ చేతులు పట్టుకుంది.

“సెప్తే మానేద్దువు” అంది రాజులమ్మ. “నా నోటితో నాను పిలవకూడదు. ఇంట్లో ఎవురూ ఆ పేరెత్తరు, నాను ఏడుత్తానని. నువ్వు రోజూ పిలుత్తన్నావు. ఇనడానికొచ్చాను.”

జగదాంబ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె నోరు మూతపడటం షెడ్డు అదే మొదటిసారి చూసింది.

“సదువు. బాబూ, నువ్వూ కూకో” అంది రాజులమ్మ కొడుకుతో.

వనజ చదివింది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. ఓడ దిగింది. మంగ నిలబడింది. తలుపు తెరుచుకుంది. అంతే.

“మరి దిగేడా?” అన్నాడు గణపతిరావు, తన హోదా మరిచిపోయి.

“రాయలేదండి. అయిపోయింది.”

అందరూ రాజులమ్మ వైపే చూశారు. ఆమె కొడుకు మొహంలోకి చూస్తోంది. తండ్రి పోయినప్పుడు వాడు ఆమె నడుం దాకా ఉండేవాడు. ఇప్పుడు అదే ముక్కు, అదే బక్కపల్చటి భుజాలు, ఇంచుమించు అదే వయసు.

“ఆడు ఇప్పుడు దిగినా ఈడులాగే ఉంటాడు గదా” అంది. “నా నెరిసిన తల సూసి, ఎవురమ్మా నువ్వంటాడు. నానేటని సెప్పుకుందును, వనజా?”

రాజులమ్మ నవ్వబోయింది, ఏడ్చేసింది, మళ్లీ నవ్వింది. పళ్లెంలో మిగిలిన పప్పంతా వనజ పళ్లెంలో పోసి, కొంగు దులుపుకుని లేచింది. “పద నాయనా. మీ అయ్యకి సెయ్యాల్సింది సేద్దాం” అని కొడుకు భుజం పట్టుకుని వెళ్లిపోయింది.

కర్మకాండలయ్యాక ఓ మధ్యాహ్నం మళ్లీ షెడ్డుకొచ్చింది. గాజుల్లేని చేతులతో, బోడి నుదురుతో ఉన్న ఆమెను ఎవరూ సూటిగా చూడలేకపోయారు. వచ్చి తన చోట్లో కూర్చుంది. తీసిన పప్పు ఓ గుప్పెడు వనజ పళ్లెంలో పోసింది.

“ఏటి సదవమంటావప్పా?” అంది వనజ.

“మొదటిది. మొదట్నుంచీ.”

పాత మొదటి భాగం ఇంకా షెడ్డు గూట్లోనే ఉంది. వనజ తీసి తెరిచింది. మొదటి వాక్యంలోనే ఆర్యవర్ధన్ అని నల్లగా అచ్చయి ఉంది. దహనమైపోయిన మనిషి పేరు చదవడం మంచిదా చెడ్డదా, తప్పా ఒప్పా, ఏదీ తెలియడం లేదు. తలెత్తి చూసింది. రాజులమ్మ కత్తి చేతబట్టి, తల వంచుకుని ఎదురుచూస్తోంది.

“ఆ రోజు తెల్లవారుజామున,” అని చదవడం మొదలెట్టింది వనజ, “కూర్మయ్య ఓడెక్కాడు.”